రాత్రి సార్టీకి (ఒక విడత విమాన యాత్రకు) ముందు ఆక్సిజన్‌ను, కాక్‌పిట్ దీపాలను కలిపి పరీక్షించుకోవడం ఎలా?

దేవరకొండ నుంచి హైదరాబాదుకు రాత్రి చివరి బస్సులో ప్రయాణించిన వారికి ఒక దృశ్యం తప్పకుండా గుర్తుంటుంది. కండక్టరు టికెట్లు కొట్టడం పూర్తి కాగానే, "లోపలి లైటు బంద్ చెయ్యి" అని డ్రైవరు కేకేస్తాడు. లోపలి వెలుగు ముందు అద్దం మీద పడితే రోడ్డు మీది గుంత కనిపించదు, ఆ గుంత పక్కన పడుకున్న బర్రె అసలే కనిపించదు. యుద్ధ విమానం కాక్‌పిట్‌లో దీపాల అమరిక కూడా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది. అయితే బస్సు డ్రైవరు గాలికి కొదవ లేని చోట కూర్చుంటాడు, పైలట్‌కు ఆ సౌకర్యం లేదు.

వాయుసేనలో విద్యుత్, ఇన్‌స్ట్రుమెంట్ విభాగాల్లో పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత నల్గొండలో స్థిరపడ్డాను. వాయుసేనలో చేరాలనుకునే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు ఇంజిన్ గురించి, క్షిపణుల గురించి అడుగుతారే తప్ప ఆక్సిజన్ గురించి గానీ, దీపాల గురించి గానీ ఒక్కరూ అడగరు. వారిని తప్పుపట్టలేము, ఎందుకంటే చాలా పాత విమానాల పుస్తకాల్లో సైతం ఈ రెండింటినీ "అదనపు పరికరాలు" అనే వెనుక అధ్యాయంలోకి నెట్టేసి, ఒకదాని పక్కన ఒకటి రాసి వదిలేశారు. అలా పక్కపక్కన రాయడం మాత్రం, తెలిసి చేసినా తెలియక చేసినా, సరైన పనే అయింది, ఎందుకంటే రెండూ పైలట్ కంటి కోసమే ఉన్నాయి. వాటిని కలిపి ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ వివరిస్తాను. మీ విమానం పుస్తకంలో మీటల పేర్లు, వరుస వేరుగా ఉంటే ఆ పుస్తకాన్నే పాటించండి. ఇది దాని వెనుక ఉన్న కారణాలను అర్థం చేసుకోవడానికి పనికి వస్తుంది.

ముందుగా ఒక లెక్క తెలుసుకోండి. గాలిలో ఆక్సిజన్ వాటా నల్గొండ గడియారం చౌరస్తాలోనైనా, 30,000 అడుగుల ఎత్తులోనైనా దాదాపు 21 శాతమే. తగ్గేది వాటా కాదు, ఒత్తిడి. 18,000 అడుగుల వద్ద గాలి ఒత్తిడి సముద్ర మట్టం వద్ద ఉన్నదానిలో సగానికి పడిపోతుంది కనుక, ఊపిరి ఎంత గట్టిగా తీసినా రక్తంలోకి చేరవలసినంత ఆక్సిజన్ చేరదు. 25,000 అడుగుల వద్ద సరఫరా ఆగిపోతే పైలట్ తెలివితో పనిచేయగలిగే వ్యవధి 3 నుంచి 5 నిమిషాలు, 35,000 వద్ద అర నిమిషం నుంచి ఒక నిమిషం, 40,000 వద్ద 15 నుంచి 20 సెకన్లు మాత్రమే. అంతకంటే చాలా ముందే, 5,000 అడుగుల దగ్గరి నుంచే, రాత్రి చూపు మందగించడం మొదలవుతుంది, ఎందుకంటే శరీరంలో ఆక్సిజన్‌ను ఎక్కువగా ఖర్చుచేసే భాగాల్లో కంటి వెనుక పొర ఒకటి. ఈ కారణం చేతనే పగలు 10,000 అడుగుల నుంచి చాలుననుకునే ఆక్సిజన్‌ను రాత్రి పూట నేల మీది నుంచే వాడమని చెబుతారు.

ఇక పరీక్ష విషయానికి వస్తే, అది విమానం దగ్గర కాదు, ఆ రోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. మే నెలలో మన వైపు ఎండ ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. అలాంటి ఎండలో నల్ల కళ్లద్దాలు లేకుండా గంటల తరబడి తిరిగిన వాని కన్ను రాత్రి చీకటికి అలవాటు పడటానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. మామూలుగానే పూర్తి అలవాటుకు అరగంట పడుతుంది, అది ఒక్క క్షణం తెల్లని వెలుగుకు చెదిరిపోతుంది. కాబట్టి పగలు కళ్లద్దాలు పెట్టుకోండి, బ్రీఫింగ్ తరువాత ఫోన్ తెర చూడకండి. సిగరెట్ అలవాటు ఉంటే ఆ రోజైనా మానండి, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, అంటే మీరు నేల మీద ఉండగానే కొన్ని వేల అడుగుల ఎత్తుకు చేరిన మనిషి లెక్కలోకి వస్తారు.

ఇంకొక మాట, ఇది మన ఇళ్లలో పెరిగిన వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది: తలకు కొబ్బరి నూనె, పెదవులకు వ్యాజిలైన్, ముఖానికి జిడ్డు క్రీము రాసుకుని ఆక్సిజన్ మాస్క్ పెట్టుకోకూడదు. అధిక ఒత్తిడిలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు నూనె గానీ, గ్రీజు గానీ తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ నింపే సిబ్బంది చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన పనిముట్లు విడిగా పెట్టుకుని పనిచేసేది ఇందుకే. సిలిండర్ వాల్వును నెమ్మదిగా తిప్పడం కూడా ఇందుకే. ఒక్కసారిగా తెరిస్తే మూసుకుని ఉన్న గొట్టం చివర వాయువు నొక్కుకుపోయి అమాంతం వేడెక్కుతుంది.

విమానం దగ్గరకు వెళ్లిన తరువాత మొదట ఎఫ్-700 (విమానం మరమ్మతులు, ఫిర్యాదులు రాసే పుస్తకం) తెరిచి, ఆక్సిజన్ ఎప్పుడు నింపారో, క్రితం సార్టీలో దాని మీద ఏదైనా ఫిర్యాదు రాశారో చూడండి. నింపే మూత చుట్టూ గ్రీజు మరక ఉంటే అక్కడే ఆగి గ్రౌండ్ క్రూను పిలవండి. నింపినది విమానాల కోసం తయారుచేసిన ఆక్సిజనే అయి ఉండాలి. ఆసుపత్రి సిలిండరులోనిది రోగికి ఎంత మంచిదైనా, అందులో కొద్దిపాటి తేమ ఉన్నా అది పైన చలికి గడ్డకట్టి సన్నని దారులను మూసివేస్తుంది. వెల్డింగ్ సిలిండర్ సంగతి అడగనే అక్కరలేదు.

గేజ్ చదవడంలో కొత్తవారు చేసే పొరపాటు ఉష్ణోగ్రతను మరచిపోవడం. అధిక ఒత్తిడి వాయు సిలిండర్లను చాలా విమానాల్లో 1,800 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) వరకు నింపుతారు. 21 డిగ్రీల వద్ద 1,800 చూపిన సిలిండర్, అంతే వాయువుతో, 45 డిగ్రీల ఎండలో దాదాపు 1,950 చూపిస్తుంది. సున్నా డిగ్రీల చలిలో దాదాపు 1,670 చూపిస్తుంది. కాబట్టి మధ్యాహ్నపు ఎండలో గేజ్ నిండుగా ఉందని సంబరపడకండి, పైకి వెళ్లాక ముల్లు కాస్త దిగిందని కంగారు పడకండి. అప్పుడే నింపిన సిలిండర్ కూడా వేడిగా ఉండి, చల్లారిన తరువాత కొంత దిగుతుంది. ఉష్ణోగ్రతతో సంబంధం లేకుండా ముల్లు ఆగకుండా దిగుతూ ఉంటే మాత్రం అది లీకే. ద్రవ ఆక్సిజన్ వాడే విమానాల్లో ఒత్తిడికి బదులు లీటర్లలో చూపించే గేజ్ ఉంటుంది. మైనస్ 183 డిగ్రీల వద్ద మరిగే ఆ లేత నీలి ద్రవం ఒక లీటరు, వాయువుగా మారితే దాదాపు 860 లీటర్లవుతుంది కనుక, తక్కువ చోటులో ఎక్కువ నిల్వ ఉంటుంది.

సిలిండరే ప్రధానం కాని పద్ధతి కూడా ఉంది. తేజస్ విమానం కోసం బెంగళూరులోని డీఆర్‌డీవో సంస్థ డెబెల్ తయారుచేసిన వ్యవస్థ, ఇంజిన్ నుంచి వచ్చే గాలిలోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికలతో పట్టి ఉంచి, ఆక్సిజన్‌ను పైలట్‌కు పంపుతుంది. 2025 మార్చి 4న దానిని 50,000 అడుగుల వరకు పరీక్షించారు. ఇదే పరిజ్ఞానంతో 2021లో కరోనా రోజుల్లో దేశంలోని చాలా ఆసుపత్రుల్లో నిమిషానికి 1,000 లీటర్ల ఆక్సిజన్ ప్లాంట్లు నెలకొల్పారు. ఇటువంటి వ్యవస్థ ఉన్న విమానంలో ఇంజిన్ నడుస్తున్నప్పుడే ప్రధాన సరఫరా పరీక్ష సాధ్యమవుతుంది. ఆక్సిజన్ గాఢత తగ్గినప్పుడు వెలిగే హెచ్చరిక దీపాన్ని, ప్రత్యామ్నాయంగా ఉంచిన చిన్న సిలిండర్‌ను ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఇప్పుడు సీటులో కూర్చోండి. ఆక్సిజన్‌ను తగుపాళ్లలో మాస్క్‌కు పంపే రెగ్యులేటర్ మీద సాధారణంగా మూడు మీటలు ఉంటాయి: సరఫరాను తెరిచేది, మామూలు మిశ్రమానికీ (కాక్‌పిట్ గాలి కలిపిన ఆక్సిజన్) నూటికి నూరు శాతం ఆక్సిజన్‌కూ మార్చేది, అత్యవసర ఒత్తిడిని ఇచ్చేది. మాస్క్ పెట్టుకోక ముందే రెగ్యులేటర్ నుంచి వచ్చే గొట్టం చివరను నోటి దగ్గర పెట్టుకుని, మామూలుగా ఊపిరి వదిలినట్లు మెల్లగా ఊదండి. ఒకసారి మామూలు మిశ్రమం మీద, ఒకసారి నూరు శాతం మీద ఊదాలి. రెండుసార్లూ ఎదురు ఒత్తిడి తగలాలి. గాలి సులువుగా లోపలికి పోతూ ఉంటే ఎక్కడో చీలిక ఉందనో, రెగ్యులేటర్ సరిగా లేదనో అర్థం. ఎంత మోటుగా కనిపించినా ఈ ఊదుడు పరీక్షకు మించినది నాకు కనిపించలేదు.

తరువాత మాస్క్ పెట్టుకుని, గొట్టం కొక్కేన్ని బిగించి, బిగిసిందో లేదో చేతితో లాగి చూడండి. టక్‌మని శబ్దం వచ్చిందని ఊరుకోకండి. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే శబ్దం విని సరేననుకున్న కుర్రవాడు విమానాన్ని నేల మీద నడుపుతూ తల తిప్పగానే గొట్టం ఊడి ఒడిలో పడింది. నేల మీద ఊడింది కాబట్టి అందరం నవ్వుకున్నాము. లోపల లాక్ పిన్ సగమే దిగి ఉంది, పైకి చూస్తే మాత్రం అంతా సవ్యంగానే కనిపించింది.

ఇక మీటను నూరు శాతం మీద పెట్టి ఊపిరి తీసుకుంటూ బ్లింకర్‌ను గమనించండి. ఇది రెగ్యులేటర్ మీద ఉండే చిన్న కిటికీ. మీరు ఊపిరి తీసినప్పుడు తెల్లగా, వదిలినప్పుడు నల్లగా, కనురెప్ప ఆడినట్లు మారుతూ ఉంటుంది. ఊపిరికి తగినట్లు అది ఆడితే ఆక్సిజన్ నడుస్తున్నట్లు. అత్యవసర మీటను నొక్కి ఊపిరి బిగపట్టండి. మాస్క్ అంచులు చెంపలకు ఆనుకుని ఉబ్బాలి, బ్లింకర్ నల్లగా నిలిచిపోవాలి. మీరు ఊపిరి బిగపట్టి ఉండగా కూడా అది తెల్లబడితే వాయువు ఎటో బయటకు పోతున్నట్లే. పట్టీలు బిగించి మళ్లీ చూడండి. గడ్డం రెండు రోజులు గీయకపోయినా ఈ లీకు వస్తుంది. పరీక్ష పూర్తయ్యాక మీటను మామూలు మిశ్రమానికి తప్పకుండా తెచ్చుకోండి. తక్కువ ఎత్తులో నూరు శాతం మీద వదిలేస్తే నిల్వ త్వరగా కరిగిపోతుంది, పైకి పోయే కొద్దీ రెగ్యులేటరే తనంతట తాను మిశ్రమంలో ఆక్సిజన్ పాలు పెంచి, 30,000 అడుగులు దాటిన తరువాత ఇంచుమించు పూర్తి ఆక్సిజన్ ఇస్తుంది. కాక్‌పిట్‌లో పొగ గానీ, ఇంజిన్ వాసన గానీ వచ్చినప్పుడు మాత్రం ఎత్తుతో నిమిత్తం లేకుండా నూరు శాతమే.

ఆక్సిజన్ మాస్క్ మొహం మీద ఉండగానే దీపాలకు రండి. ముందు చూడవలసినది ఫ్లడ్ లైట్లు, అంటే ప్యానెల్ మొత్తం మీద వెలుగు పరిచేవి. జనరేటర్ పోతే చాలా విమానాల్లో బ్యాటరీ మీద మిగిలేవి ఇవే. ఆ తరువాత పరికరాల దీపాలను, పక్క ప్యానెళ్ల దీపాలను ఒక్కొక్క నాబ్ తిప్పి పూర్తిగా పెంచండి, మళ్లీ పూర్తిగా తగ్గించండి. పెంచేటప్పుడు అన్నీ వెలగడం మామూలే. తగ్గించేటప్పుడు ఏదైనా ఒక పరికరం మిగతా వాటికంటే ముందే ఆరిపోతే దాని బల్బో, హోల్డరో సరిగా లేదు. పగటి వెలుగులో ఈ పరీక్ష చేయవలసి వస్తే అరచేతిని దొప్పలా చేసి పరికరం అద్దం చుట్టూ ఆనించి, ఆ నీడలో చూడండి. హెచ్చరిక దీపాలను ఒక్కొక్కటిగా నొక్కి వెలిగించండి. చేతికి అందే చోట ఉండే కదిలే చిన్న దీపాన్ని కొక్కెం నుంచి తీసి, తీగ పూర్తి పొడవు వచ్చేదాకా లాగి చూడండి, ఎందుకంటే మిగతావన్నీ పోయిన రాత్రి మీ చేతిలో ఉండేది అదీ, జేబులోని టార్చి మాత్రమే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చాలా విమానాల్లో పరికరాల దీపాల నాబ్‌ను తెరవగానే హెచ్చరిక దీపాలు రాత్రికి తగినట్లు వాటంతట అవే మసకబడతాయి. రాత్రి ఎగిరి వచ్చిన వ్యక్తి నాబ్ మూయకుండా దిగిపోతే, మరునాడు మధ్యాహ్నం ఎగిరే వ్యక్తికి చక్రాలు దిగాయని చూపే దీపం వెలుగుతున్నా ఎండలో కనిపించదు. కాబట్టి పగటి సార్టీకైనా ఆ నాబ్‌లు మూసి ఉన్నాయో లేదో చూడండి.

ఎర్ర దీపం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చీకట్లో చూడటానికి పనిచేసే కంటి కణాలకు ముదురు ఎరుపు దాదాపు తెలియదు, అందుకే ఎర్ర వెలుగులో పరికరాలు చదివినా బయటి చీకటికి అలవాటైన చూపు చెడదు. ఈ లాభం కోసం దశాబ్దాల పాటు కాక్‌పిట్లను ఎర్రగా వెలిగించారు. దాని నష్టాలు ఎర్ర దీపం కింద మ్యాపు పరిచిన మొదటి రోజే తెలుస్తాయి: ఎర్ర సిరాతో గీసిన గీతలన్నీ కాగితంలో కలిసిపోతాయి. అందుకే చాలాచోట్ల మసక తెల్లని వెలుగుకు మారారు. రాత్రి చూపు కళ్లద్దాలు వచ్చిన తరువాత, వాటిని వాడే కాక్‌పిట్లలో మామూలు ఎర్ర దీపాలు పనికిరాకుండా పోయాయి, ఎందుకంటే ఆ కళ్లద్దాలు ఎరుపును, దానికి ఆవలి కిరణాలను ఎన్నో రెట్లు పెంచి చూపుతాయి, కాక్‌పిట్‌లోని ఒక్క ఎర్ర బల్బు వాటిని గుడ్డివి చేస్తుంది. అక్కడ వాడేది ఆకుపచ్చ, నీలి-ఆకుపచ్చ వెలుగు. మీ విమానంలో ఏది ఉందో తెలుసుకుని, మీ టార్చికి కూడా అదే రంగు అద్దం వేసుకోండి.

నేల మీద చివరి పని, పరికరాలు చదవడానికి సరిపోయే కనిష్ఠ వెలుగుకు అన్ని నాబ్‌లనూ దించి, పై గాజు కప్పులో ప్రతిబింబాలు చూడటం. ఏ దీపం నీడ గాజు మీద నక్షత్రంలా కనిపిస్తుందో గుర్తు పెట్టుకోండి. నాగార్జునసాగర్ దాటి నల్లమల మీదికి వెళితే కింద ఊళ్లు పలుచబడి, నేలకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోతుంది. అక్కడ గాజు మీది చుక్కను దూరపు దీపమనుకుంటే చాలు, విమానం ఎటు వాలిందో మనసు తప్పుగా లెక్క వేస్తుంది. ముందు ఉరుముల మేఘం ఉంటే ఇందుకు పూర్తిగా విరుద్ధంగా తెల్లని ఫ్లడ్ లైటును గరిష్ఠంగా పెంచండి. మెరుపు కళ్లు చెదరగొట్టే వేళ చీకటి చూపును కాపాడుకోవడం కంటే పరికరాలను చదవగలగడం ముఖ్యం.

ఎగిరిన తరువాత పది నిమిషాలకు ఒకసారి ఒకే వరుసలో చూడటం అలవాటు చేసుకోండి: సిలిండర్ ఒత్తిడి, రెగ్యులేటర్ మీటలు, బ్లింకర్, గొట్టం కొక్కెం, అత్యవసర సిలిండర్‌ను తెరవడానికి లాగే పిడి. ఇంత వరకు చెప్పినదంతా మరచిపోయినా ఒక్కటి మరవకండి. పరికరాల దీపాలు క్రమంగా మసకబారుతున్నట్లు అనిపిస్తే మీ చేయి సహజంగా నాబ్ వైపు పోతుంది. దానిని ఆపి, ముందు బ్లింకర్ వైపు చూడండి. మసకబారుతున్నది బల్బు కాకపోవచ్చు, మీ కన్ను కావచ్చు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఒత్తిడి తగ్గించే గదిలో పైలట్లకు ఆక్సిజన్ లోటును అనుభవంలోకి తెస్తారు. అలాంటి గదుల్లో మాస్క్ తిరిగి పెట్టుకున్న వారు, ఎవరో దీపాల వెలుగు పెంచినట్లుందని చెప్పడం పరిపాటి. అంతకు ముందు వెలుగు తగ్గిందన్న సంగతే వారు గమనించి ఉండరు. ఆక్సిజన్ లోటు నొప్పిగా రాదు, హాయిగా వస్తుంది.

గోళ్లు నీలిరంగుకు తిరగడం లోటుకు గుర్తు అని పుస్తకాల్లో చదివి ఉంటారు. ఎర్ర దీపం కింద ఆ నీలం తెలియదు. గోళ్లు చూడదలిస్తే ఒక క్షణం తెల్లని వెలుగు వేయక తప్పదు, అనుమానం వచ్చిన చోట రాత్రి చూపు పోతుందని వెనుకాడకండి. వేళ్లలో తిమ్మిరి, అకారణమైన ఉత్సాహం, ఒకే అంకెను రెండుసార్లు చదవడం వంటివి ఏవి కనిపించినా నూరు శాతం పెట్టి, అత్యవసర మీట నొక్కి, కొక్కెం చూసుకుని, 10,000 అడుగుల కిందికి దిగండి. ప్రధాన సరఫరా పూర్తిగా పోయిందని తేలితే అత్యవసర సిలిండర్ పిడిని లాగండి. కారణం వెతకడం దిగిన తరువాత.

నేల మీదికి వచ్చాక సరఫరా మీటను మూసి, దీపాల నాబ్‌లన్నింటినీ చివరి వరకు వెనక్కి తిప్పి, మాస్క్‌ను పొడి గుడ్డతో తుడవండి. చాలాసేపు నూరు శాతం పీల్చి ఉంటే పడుకునే ముందు ముక్కు మూసి చెవుల్లోకి గాలి నాలుగైదుసార్లు ఊదుకోండి. చెవి లోపల చిక్కుకున్న ఆక్సిజన్‌ను శరీరం మెల్లగా పీల్చుకోవడం వల్ల తెల్లవారుజామున చెవి పట్టేసినట్లు నొప్పి వస్తుంది, అది రోగమేమీ కాదు. చివరగా ఎఫ్-700లో ఫిర్యాదు రాసేటప్పుడు "లైట్లు బాగా లేవు" అని రాయకండి. ఆ వాక్యం చదివి, రాత్రి రెండు గంటలకు టార్చి పట్టుకుని ప్యానెల్ అంతా వెతికిన వాడిని నేను. "ఎడమ ప్యానెల్, ముందు నుంచి మూడో దీపం, నాబ్ సగం కంటే తగ్గించినప్పుడు ఆరిపోతున్నది, ఎగిరిన ఇరవై నిమిషాల తరువాత మొదలైంది" అని రాస్తే, హోల్డర్ విప్పి బల్బు మార్చడానికి పది నిమిషాలు పడుతుంది.